బహ్రెయిన్ కొలువుకు ఈ-మైగ్రేట్ దారి: శంషాబాద్ దాకా గట్టిదే, అసలు లెక్క ఆ తర్వాతే

ఈ-మైగ్రేట్ అంటే విదేశీ కొలువులకు పోయేవాళ్ల కోసం మన కేంద్రం నడిపే పోర్టల్. బహ్రెయిన్ పోయే పిల్లలకు ఆ దారి మంచిదేనా అని అడిగితే, మంచిదే. లైసెన్సు ఉన్న ఏజెంటు, పోర్టల్‌లో ఎక్కిన ఒప్పందం, ఎమిగ్రేషన్ క్లియరెన్సు, ఇన్సూరెన్సు పాలసీ. ఈ నాలుగూ చేతిలో ఉన్నవాడు అక్కడ ఆపదలో పడ్డా అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. విజిట్ వీసా మీద పోయినవాడికి అదీ ఉండదు. కానీ ఈ సేవ శంషాబాద్ ఎయిర్‌పోర్టు దాకానే గట్టిగా పనిచేస్తుంది. అక్కడ ఏ పనులు మిగిలాయి, జీతం ఎందుకు అంతే ఉంది, ఏ పోస్టు రేపు ఉండదు అన్న సంగతులు పోర్టల్‌లో ఎక్కడా కనబడవు. వాటిని తేల్చేది బహ్రెయిన్ సర్కారు తన సొంత యువతకు కొలువులు ఇప్పించుకోవడానికి పెట్టుకున్న విధానం. జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల, ఆర్మూరు వైపు నుంచి పోయేవాళ్లు ఏజెంటు చేతిలో పైసలు పెట్టే ముందు తెలుసుకోవాల్సింది అది. అందుకే ఈ సమీక్షలో సగం ఆ దేశం గురించే ఉంటుంది.

బహ్రెయిన్ ద్వీప దేశం. విస్తీర్ణంలో మన హనుమకొండ జిల్లా కంటే చిన్నది. జనాభా 15 లక్షల పైచిలుకు, అందులో సగానికి పైగా బయటి దేశాలవాళ్లే. గల్ఫ్‌లో అరబ్బుల వైపు మొదట చమురు పడింది ఇక్కడే, 1932లో. అయితే నిల్వలు పొరుగు దేశాలతో పోలిస్తే చాలా తక్కువ. చదువుకున్న పిల్లలందరినీ సర్కారు కొలువుల్లో కూర్చోబెట్టే స్తోమత ఆ దేశానికి లేదు. ప్రైవేటు కంపెనీలేమో తక్కువ జీతానికి వచ్చే మనవాళ్లను, బంగ్లాదేశ్‌వాళ్లను, నేపాల్‌వాళ్లను తీసుకుంటాయి. ఈ ముడి విప్పడానికి 2006లో రెండు చట్టాలు చేసి రెండు సంస్థలు పెట్టారు. ఒకటి లేబర్ మార్కెట్ రెగ్యులేటరీ అథారిటీ. అక్కడ అందరూ ఎల్ఎంఆర్ఏ అంటారు, వర్క్ పర్మిట్లన్నీ దాని చేతిలోనే. రెండోది తమ్‌కీన్. బహ్రెయినీ యువతకు శిక్షణ, కంపెనీలకు జీతాల సాయం దాని పని.

ఈ రెండింటినీ కలిపే సూత్రం ఒక్కటే: విదేశీ కార్మికుణ్ని కంపెనీకి ఖరీదు చేయాలి, ఆ వచ్చిన సొమ్ముతో స్థానికుణ్ని చౌక చేయాలి. చాలా ఏళ్లు నడిచిన రేట్లు చూడండి. ఒక విదేశీ కార్మికుడికి పర్మిట్ ఫీజు ఏడాదికి 100 దినార్లు, ఆరోగ్య ఫీజు 72 దినార్లు, ఇవి కాక నెలనెలా 10 దినార్లు (మొదటి ఐదుగురికైతే 5). రెండేళ్లకు లెక్కేస్తే 584 దినార్లు. దినారుకు 225 రూపాయలు వేసుకున్నా లక్షా ముప్పై వేలు దాటుతుంది. ఇదంతా కంపెనీ కట్టాల్సిందే. ఈ రేట్లు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి పోయే ముందు ఎల్ఎంఆర్ఏ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోవాలి. చట్టం పెట్టిన లెక్క ప్రకారం పర్మిట్, నెలసరి ఫీజుల్లో 80 శాతం పోయేది తమ్‌కీన్‌కే.

తమ్‌కీన్ ఆ పైసలతో ఏం చేస్తుందో 2021లో ప్రకటించిన జాతీయ ఉపాధి కార్యక్రమం రెండో విడతలో స్పష్టంగా ఉంది. కొత్తగా బహ్రెయినీని పెట్టుకున్న కంపెనీకి మొదటి ఏడాది జీతంలో 70 శాతం, రెండో ఏడాది 50 శాతం, మూడో ఏడాది 30 శాతం ఇస్తామని అందులో పెట్టారు. 400 దినార్ల జీతానికి ఒక బహ్రెయినీ పిల్లవాడు చేరితే మొదటి ఏడాది తమ్‌కీన్ ఇచ్చేది 280, కంపెనీ జేబులోంచి పోయేది 120. అదే కంపెనీ కరీంనగర్ పిల్లవాణ్ని 120 దినార్లకు తెచ్చుకుంటే జీతం మీద ఫీజుల కింద నెలకు దాదాపు 24 దినార్లు, ఆపైన క్యాంపు, బస్సు, టికెట్ ఖర్చు. సామాజిక బీమా పక్కన పెట్టి చూస్తే, మొదటి ఏడాది మనవాడే కంపెనీకి ఎక్కువ బరువు. షాపుల్లో, ఆఫీసుల్లో, రిసెప్షన్లలో మనవాళ్ల పోస్టులు ఎందుకు తగ్గుతున్నాయో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) మంచోడా చెడ్డోడా అన్నదానితో దీనికి సంబంధం లేదు.

ఆ దేశం లక్ష్యాలు కూడా చిన్నవి కావు. ఉపాధి కార్యక్రమం మొదటి విడత 2019 ఫిబ్రవరిలో వచ్చింది. రెండో విడత 2021లో 25,000 మందికి కొలువులు, 10,000 మందికి శిక్షణ అని పెట్టుకుంది. అదే ఏడాది చివర్లో తెచ్చిన ఆర్థిక పునరుద్ధరణ ప్రణాళికలో 2024 దాకా ఏటా 20,000 మందికి కొలువులు, 10,000 మందికి శిక్షణ అని రాసుకున్నారు. రెండు లక్షల మంది ఉద్యోగులు కూడా సొంతవాళ్లు లేని దేశానికి ఇది పెద్ద సంఖ్య. కొలువు లేనివాళ్లకు భృతి కూడా ఉంది. నిరుద్యోగ బీమా చట్టం 2006 నాటిది. 2019 మార్పుల్లో డిగ్రీవాళ్లకు నెలకు 200 దినార్లు, మిగతావాళ్లకు 150 అని పెట్టారు. ఊరికే ఇవ్వరు. కార్మిక శాఖ చూపిన కొలువును, శిక్షణను కారణం లేకుండా కాదంటే భృతి ఆగుతుంది.

విధానంగా చూస్తే ఇది ఆలోచించి కట్టిన పని. ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో, ఎక్కడికి పోతుందో ఒకదానికొకటి ముడిపడి ఉంది. మన దగ్గర అప్రెంటిస్‌షిప్ పథకంలో కేంద్రం మోసేది స్టైపెండులో 25 శాతం, అదీ నెలకు 1,500 రూపాయలు మించకుండా. ఆ సాయానికి, మూడేళ్లు జీతంలో వాటా మోసే సాయానికి పోలికే లేదు. మన ఐటీఐ పిల్లల విషయంలో ఇలాంటి ఆలోచన ఎందుకు రాదని అడగాల్సిందే. లోపం కూడా అందులోనే ఉంది. సాయం ఆగిన నాలుగో ఏడాది ఆ పిల్లవాణ్ని కంపెనీ ఉంచుకోకపోతే మూడేళ్ల ఖర్చు నీళ్లపాలే. ఇంకో లోపం మనకు నేరుగా తగులుతుంది: ఫీజులు ఎంత పెంచినా, జులై ఎండలో స్కాఫోల్డింగ్ ఎక్కడానికి స్థానికుడు ఎట్లాగూ రాడు. కాబట్టి అలాంటి పనుల్లో ఫీజు భారం బహ్రెయినీకి కొలువుగా మారదు. కంపెనీ దాన్ని మన జీతంలోంచి పిండుకోవాలని చూస్తుంది.

విదేశీ కార్మికుడి నుంచి పర్మిట్ ఖర్చు రాబట్టడం బహ్రెయిన్ చట్టం ప్రకారం నేరం. అయినా "వీసా రెన్యువల్‌కు మూడు నెలలు 20 దినార్లు కోత" అన్న మాట క్యాంపుల్లో వినబడుతూనే ఉంటుంది. జీతం స్లిప్పులో చట్టబద్ధమైన కోత ఒకటే మామూలుగా కనబడాలి: నిరుద్యోగ బీమా కింద 1 శాతం. 120 దినార్ల జీతమైతే ఒక దినారు 200 ఫిల్సులు (దినారుకు వెయ్యి ఫిల్సులు). అవును, ఆ దేశ యువతకు భృతి ఇచ్చే నిధిలో కోరుట్ల పిల్లవాడి వాటా కూడా నెలనెలా జమవుతోంది. ఈ కోత చూసి కంపెనీ మోసం చేస్తోందని గొడవ పడనక్కర్లేదు. "వీసా", "సీపీఆర్" (అక్కడి గుర్తింపు కార్డు), "మెడికల్" పేరుతో వేరే కోత ఉంటే మాత్రం దాన్ని ఫొటో తీసి దాచుకోవాలి.

ఇక ఏ పోస్టుకు పోవచ్చు, దేనికి పోకూడదు. ప్రతి కంపెనీ ఇంతమంది బహ్రెయినీలను పెట్టుకోవాలన్న వాటా రంగాన్ని బట్టి, కంపెనీ సైజును బట్టి మారుతుంది. బ్యాంకుల్లో ఎక్కువ, భవన నిర్మాణంలో చాలా తక్కువ. వాటా నిండని కంపెనీ ఒక్కో పర్మిట్‌కు అదనంగా కట్టి విదేశీని తెచ్చుకునే వెసులుబాటు 2017లో పెట్టారు. అప్పుడు 300 దినార్లు, 2019లో 500 చేశారు. అంటే ఆఫీసు పోస్టుకు మనవాణ్ని తేవడం కంపెనీకి ఇంకా భారం. షట్టరింగ్ కార్పెంటర్, స్టీల్ ఫిక్సర్, స్కాఫోల్డర్, పైప్ ఫిట్టర్, 6జీ వెల్డర్, ఏసీ టెక్నీషియన్, హెవీ డ్రైవర్ లాంటి పనులకు డిమాండు నిజంగానే ఉంటుంది. సిత్రా, హిద్, సల్మాబాద్ వైపు వర్క్‌షాపులు, ప్లాంట్ల షట్‌డౌన్ పనులు వీళ్లతోనే నడుస్తాయి. అల్యూమినియం ప్లాంటు (అల్బా), రిఫైనరీల్లో సొంత ఉద్యోగులు ఎక్కువగా బహ్రెయినీలే. అక్కడ మనవాళ్లు పనిచేసేది కాంట్రాక్టరు కింద. కాబట్టి "అల్బాలో పర్మనెంటు పోస్టు" అని ఎవరైనా చెబితే ఒప్పందం మీద యజమానిగా ఏ కంపెనీ పేరుందో చూడండి. హనుమకొండలో ఎంబీఏ చేసిన పిల్లవాడికి "అకౌంట్స్ అసిస్టెంట్, 250 దినార్లు" అని చూపించి, వీసా కాగితంలో "క్లీనర్" అని ఉంటే అక్కడితో ఆగిపోవాలి. దిగాక పోస్టు మారుస్తామన్న మాట నమ్మి పోయినవాళ్లు చాలామంది ఆ క్లీనర్ పనిలోనే ఉండిపోయారు.

ఇప్పుడు ఈ-మైగ్రేట్ సంగతి. బహ్రెయిన్ మన ఎమిగ్రేషన్ చెక్ అవసరమైన 18 దేశాల్లో ఒకటి. పది పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ చెక్ అవసరం (ఈసీఆర్) అన్న ముద్ర ఉంటుంది, వాళ్లకు క్లియరెన్సు లేకుండా ఉద్యోగ వీసా మీద విమానం ఎక్కే వీలు లేదు. పది పాసైతే ముద్ర పడదు, క్లియరెన్సు అక్కర్లేదు. ఇది సౌకర్యమని చాలామంది అనుకుంటారు. కానీ క్లియరెన్సు లేకపోతే దానికి జతగా వచ్చే ఇన్సూరెన్సు, పోర్టల్‌లో ఒప్పందం రికార్డు కూడా దానంతట అవి రావు. పది పాసైన పిల్లలే ఎక్కువగా ఆజాద్ వీసా (పేరుకే యజమాని ఉండి, ఎక్కడైనా పనిచేసుకోవచ్చని అమ్మేది), విజిట్ వీసా వలలో పడటానికి ఇది ఒక కారణం. పాస్‌పోర్టు కొత్తగా తీసుకునేవాళ్లు పది మెమో ఉంటే తప్పకుండా పెట్టండి, కానీ కాగితాల దారి మాత్రం వదలకండి.

మొదటి మెట్టు ఏజెంటు. ఈ-మైగ్రేట్‌లో రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా అందరికీ తెరిచే ఉంటుంది. లాగిన్ అక్కర్లేదు. పేరు, రాష్ట్రం కొట్టి చూస్తే లైసెన్సు నడుస్తోందా, గడువు తీరిందా, సస్పెండ్ అయిందా తెలుస్తుంది. లైసెన్సు లేని ఏజెంట్ల జాబితా కూడా వేరే పెట్టారు. పెద్ద లైసెన్సుకు ఏజెంటు 50 లక్షల బ్యాంకు గ్యారంటీ, వంద మంది లోపు పంపే చిన్న లైసెన్సుకు 8 లక్షలు కట్టి ఉంటాడు. మన సొమ్ముకు ఎంతో కొంత భరోసా అదే. సబ్ ఏజెంటు అన్నది చట్టంలో లేనే లేదు. ఊళ్లో మాట్లాడేది, పైసలు తీసుకునేది మాత్రం ఎక్కువగా అతనే. "ముంబై ఆఫీసుకు లైసెన్సు ఉంది" అంటే ఆ ఆఫీసుకు మీరే ఫోన్ చేసి, ఈ మనిషి మీవాడేనా, ఈ కంపెనీ డిమాండు మీ దగ్గర ఉందా అని అడగాలి. అడగనివ్వకపోతే ఆ పని అక్కడ వదిలేయాలి. తెలంగాణ ప్రభుత్వానికి చెందిన టామ్‌కామ్ కూడా లైసెన్సు ఉన్న సంస్థే. అక్కడ పోస్టులు తక్కువ, ఆలస్యం ఎక్కువ, కానీ మధ్యలో తినే చేతులు లేవు. ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో పోయే ఆడవాళ్లైతే ఇలాంటి సర్కారు సంస్థల ద్వారానే పోవాలి.

రెండో మెట్టు పైసలు. ఏజెంటు తీసుకోదగ్గ గరిష్ఠ ఫీజు 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. రసీదు ఇవ్వాలి. క్లియరెన్సు ఫీజు 200, ఇన్సూరెన్సు రెండేళ్లకు 275, మూడేళ్లకు 375. పాస్‌పోర్టు 1,500, మెడికల్ వేరే. లక్ష, లక్షన్నర అడిగితే మిగతాదంతా ఎక్కడికి పోతోందో ఆలోచించాలి. ఊళ్లో మూడు రూపాయల మిత్తికి లక్ష తెస్తే నెలకు 3,000, రెండేళ్లకు మిత్తే 72,000. 120 దినార్ల జీతం అంటే సుమారు 27,000 రూపాయలు. తిండి సొంతమైతే 30 దినార్లు పోతుంది, ఫోను, చిల్లర ఖర్చులు తీసేస్తే చేతిలో మిగిలేది 18,000 అటూ ఇటూ. అందులోంచే ఇంటి ఖర్చుకు పంపుతూ, మిత్తి కట్టి అసలు తీర్చేసరికి మొదటి ఏడాది అయిపోతుంది. రెండేళ్ల ఒప్పందంలో మిగులు అన్నది రెండో ఏడాదిలోనే కనబడుతుంది. 35,400తో పోయినవాడికీ లక్షన్నరతో పోయినవాడికీ తేడా ఇదే, జీతం ఇద్దరికీ ఒకటే.

జీతం విషయంలో ఇంకో మాట. బహ్రెయిన్ ప్రైవేటు రంగంలో విదేశీ కార్మికుడికి కనీస వేతనం అంటూ చట్టంలో లేదు. మన కేంద్రమే దేశాన్ని బట్టి కనీస సిఫార్సు వేతనం పెడుతుంది. 2020 సెప్టెంబరులో బహ్రెయిన్‌తో సహా కొన్ని గల్ఫ్ దేశాలకు దాన్ని 200 డాలర్లకు తగ్గించారు. బహ్రెయిన్ లెక్కలో అది 75 దినార్లు. తెలంగాణ నుంచి గల్ఫ్ కార్మికుల తరఫున హైకోర్టు దాకా పోయారు, 2021లో ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. ఆ పోరాటం ఉత్తర తెలంగాణ జిల్లాల కార్మికులది. ఆ మాట గుర్తు పెట్టుకోవాలి.

మూడో మెట్టు ఒప్పందం. ఈ సేవలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే, అందరూ చదవకుండా సంతకం పెట్టేదీ ఇదే. చూడాల్సిన గీతలు: ట్రేడ్ పేరు, బేసిక్ ఎంత, తిండి కంపెనీదా అలవెన్సా, వసతి, డ్యూటీ గంటలు, సెలవు, టికెట్. "120 దినార్లు మొత్తం కలిపి" అనడానికి, "బేసిక్ 100, ఫుడ్ 20" అనడానికి తేడా ఉంది, ఎందుకంటే ఓటీ (ఓవర్‌టైం) మామూలుగా బేసిక్ మీదే కడతారు. అక్కడి 2012 కార్మిక చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48. పగటి ఓటీకి గంట జీతం మీద 25 శాతం, రాత్రికి 50 శాతం అదనం. బేసిక్ 100 అయితే 30 రోజులు, 8 గంటలతో భాగిస్తే గంటకు 417 ఫిల్సులు, పగటి ఓటీ 521 ఫిల్సులు. ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు. ఈ లెక్క తెలిసినవాడు నెలాఖరుకు స్లిప్పు చూసి తేడా పట్టుకోగలడు.

పోర్టల్‌లో ఎక్కే ఫోన్ నంబరు మీదే ఉండాలి. ఏజెంటు తన నంబరు ఎక్కిస్తే ఓటీపీలు, మెసేజీలు అన్నీ అతనికే పోతాయి. క్లియరెన్సు వచ్చిందో లేదో, ఏ జీతంతో వచ్చిందో మీకు తెలియదు. 2024 అక్టోబరులో పోర్టల్‌ను కొత్తగా చేసి మొబైల్ యాప్ కూడా తెచ్చారు, పాతదానికంటే వాడుక తేలికైంది. అయినా మీసేవలోనో ఇంటర్నెట్ షాపులోనో చేయించుకునేవాళ్లు పని అయ్యాక క్లియరెన్సు, ఒప్పందం, పాలసీ మూడూ ప్రింటు తీసుకుని ఒక సెట్టు ఇంట్లో పెట్టాలి. మోసాల్లో ఎక్కువ జరిగేది ఇక్కడ ఒక ఒప్పందం, అక్కడ దిగాక ఇంకో ఒప్పందం. ఇంట్లో ఉన్న ప్రింటే అప్పుడు సాక్ష్యం.

మెడికల్ హైదరాబాద్‌లో, గల్ఫ్ దేశాల మెడికల్ పరీక్షలు బుక్ చేసే వాఫిద్ సైట్ ఇచ్చిన సెంటర్లోనే చేయించాలి. ఎప్పుడో నయమైన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనబడినా అన్‌ఫిట్ పడుతుంది. కాబట్టి అలాంటి చరిత్ర ఉన్నవాళ్లు ముందే బయట ఒక ఎక్స్‌రే తీయించుకుని, అది తేలాకే ఏజెంటుకు పైసలు ఇవ్వాలి.

ఇన్సూరెన్సు, అంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన, 275 రూపాయలకు వచ్చేదానిలో చాలా మంచిది. ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా పనికిరాకుండా అయినా 10 లక్షలు. ఉద్యోగానికి సంబంధించిన కేసు నడిపితే 45,000 దాకా. గడువు తీరితే ఆన్‌లైన్‌లోనే రెన్యువల్ చేసుకోవచ్చు, రెండేళ్లు దాటి ఉండిపోయేవాళ్లు చేసుకోనిది ఇదే. పెద్ద లోటు ఒకటుంది. గుండెపోటు లాంటి సహజ మరణానికి ఆ 10 లక్షలు రావు. గల్ఫ్ నుంచి మన జిల్లాలకు వచ్చే శవపేటికల్లో నిద్రలో గుండె ఆగి పోయినవాళ్లు తక్కువేమీ కాదు. ఆ కుటుంబాలకు ప్రస్తుతం దిక్కు రాష్ట్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో జీవో ఇచ్చిన 5 లక్షల సాయమే. దరఖాస్తు కలెక్టరాఫీసులో. అప్పుడు కూడా పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ, మరణ పత్రం అడుగుతారు. ఇంట్లో ఒక సెట్టు పెట్టమన్నది ఇందుకు కూడా. కేంద్రం బీమాలో సహజ మరణాన్ని చేర్చకపోవడం మాకు క్షమించదగ్గ విషయంలా అనిపించదు.

పోయే ముందు ఇచ్చే ఒకరోజు శిక్షణ అన్ని గల్ఫ్ దేశాలకూ కలిపి చెప్పే పాఠం. బహ్రెయిన్ గురించి అందులో చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. యజమాని లేకుండా సొంతంగా పనిచేసుకునే ఫ్లెక్సీ పర్మిట్ అన్నది 2017లో వచ్చి 2022లో రద్దయింది. ఇప్పటికీ "ఫ్లెక్సీ వీసా ఇప్పిస్తా, ఎక్కడైనా పనిచేసుకోవచ్చు" అని ఆజాద్ వీసా పేరుతో అమ్మేవాళ్లు ఉన్నారు. దాని బదులు వచ్చిన రిజిస్ట్రేషన్ పద్ధతి అక్కడ ఇప్పటికే ఉన్నవాళ్ల కోసం. ఇక్కడి నుంచి పోయేవాళ్లకు అది దారి కాదు. ఒక కంపెనీలో ఏడాది చేశాక నోటీసు ఇచ్చి వేరే యజమాని దగ్గరికి మారే హక్కు చట్టంలో ఉంది. కానీ చెప్పకుండా వెళ్లిపోతే రన్‌అవే కేసు పెడతారు, ఖల్లివెల్లి (కాగితాలు లేనివాళ్లు) అయిపోతారు, మళ్లీ ఎగ్జిట్ దొరకడమే కష్టం. ఎండాకాలంలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా బయట పని నిషేధం, 2025 నుంచి జూన్ 15 – సెప్టెంబరు 15 మధ్య. ఈ గంటల్లో పని చేయిస్తే ఫిర్యాదు చేయొచ్చు.

దిగాక చేయాల్సినవి. సీపీఆర్ కార్డు రాగానే ఎల్ఎంఆర్ఏ సైట్‌లో మీ పర్మిట్ చూసుకోవాలి: ఏ కంపెనీ పేరు, ఏ ట్రేడ్, ఎప్పటిదాకా. పని చేయిస్తున్న కంపెనీ పేరు, పర్మిట్ మీద పేరు వేరైతే తనిఖీలో పట్టుబడేది మీరే. జీతం బ్యాంకు ద్వారా రావాలని 2021 నుంచి నిబంధన ఉంది. ఆ ఏటీఎం కార్డు మీ జేబులోనే ఉండాలి, ఫోర్‌మన్ దగ్గర కాదు. పాస్‌పోర్టు కూడా అంతే. ఎల్ఎంఆర్ఏ రక్షణ కేంద్రానికి అక్కడి నుంచి 995కు ఫోన్ చేయొచ్చు. ఇక్కడ ఇంటివాళ్లు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 1800113090కు చేయాలి, లేదా మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదు నంబరు రాసుకోండి, లేకపోతే ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది.

చివరి లెక్క కొత్తది, చాలామందికి తెలియదు. 2024 మార్చి నుంచి విదేశీ కార్మికుల గ్రాట్యుటీ కంపెనీ దగ్గర ఉండదు. కంపెనీ నెలనెలా దాన్ని అక్కడి సామాజిక బీమా సంస్థకు కట్టాలి, మొదటి మూడేళ్లు జీతంలో 4.2 శాతం, ఆ తర్వాత 8.4 శాతం. 100 దినార్ల మీద రెండేళ్లకు 100 దినార్లు పైన, అంటే 22,000 రూపాయలు దాటుతుంది. అంతకు ముందు సర్వీసు ఉన్నవాళ్లకు ఆ పాత కాలపు గ్రాట్యుటీ కంపెనీయే ఇవ్వాలి, రెండూ వేర్వేరుగా అడగాలి. ఎగ్జిట్ టికెట్ చేతికి రాగానే సామాను సర్దుకుని వచ్చేస్తే ఈ సొమ్ము అక్కడే ఉండిపోతుంది. ఒప్పందం ముగిసే నెలలోనే సామాజిక బీమా సంస్థ సైట్‌లో మీ పేరు మీద ఎంత జమైందో చూసి, దరఖాస్తు పెట్టి, ఆ డబ్బు పడేదాకా అక్కడి బ్యాంకు ఖాతా మూయకండి.